వహీబా ఒంటి నల్లులు

ఇన్షిరాహ్ ఉడకబెట్టని వస్తువు ఆ ఇంట్లో లేదు. దిండు గలీబులు, తువ్వాళ్ళు, మొగుడి బనియన్లు, అంట్లు తోమే పీచు, అన్నీ వారానికోసారి రాగి గంగాళంలో కుతకుతలాడి బయటికి రావలసిందే. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వాసుపత్రిలో బట్టలుతికే విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. రక్తం, చీము, పురిటి మరకలు, అన్నిటినీ మరుగునీళ్ళకు అప్పగించి తెల్లగా వెనక్కి తీసుకున్న చేతులవి. మరుగునీళ్ళ మీద ఆమెకున్నంత నమ్మకం ఆమె మొగుడికి దేవుడి మీద ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆయన మాత్రం రోజంతా దేవుణ్ణే తలుస్తుంటాడు.

కైరోలో సయ్యిదా ఆయిషా మసీదు వెనక, ఎదురు బాల్కనీ వాళ్ళు చెయ్యి చాపితే మన ఉల్లిపాయలు అందేంత ఇరుకు సందు మాది. కింది వాటా వాళ్ళది, పై వాటా నాది. ఆయన పేరు మెత్వల్లీ. పాములు పట్టే వంశం. ఎవరింట్లోనైనా పాము దూరితే వెళ్ళి, గోడను బెత్తంతో తట్టి, ఒట్టు పెట్టి పిలిచి, పట్టి తేవడం ముత్తాత నాటి నుంచి వాళ్ళ పని. ఇప్పుడు సిమెంటు పెరిగింది, పాములు తగ్గాయి. ఆయనకు మిగిలినవి ఇంట్లో నాలుగు పాములు, సందు చివర ఒక చిన్న దర్గా, ప్రతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు తరవాత అక్కడ కూడే తనలాంటి పదిమంది ముసలివాళ్ళు. పాములు మెత్వల్లీవని సందంతా అంటుంది. వాటి నీళ్ళు, వాటి ఎలుకలు, వాటి పెంట మాత్రం ఇన్షిరాహ్‌వి.

మూడు ఆయనవే అనుకుందాం. నాలుగోది, వహీబా, ఆమెది. పద్నాలుగేళ్ళ కిందట ఒక రొట్టెల బట్టీలో పిండి డబ్బా వెనక దొరికింది, చూపుడువేలంత పిల్ల. లేత గోధుమరంగు ఒంటి మీద వక్కపొడి చల్లినట్టు మచ్చలు. విషం లేని జాతి, అర్ఖమ్ అంటాం. ఎడారిలో వదిలేస్తానని మెత్వల్లీ అంటే, చలికాలం పోనిమ్మని ఆమె బిస్కెట్ల డబ్బాలో ఆసుపత్రి తువ్వాలు పరిచి ఉంచుకుంది. పద్నాలుగేళ్ళయినా ఆ చలికాలం పోలేదు. ఇప్పుడు మెడలో వేసుకుంటే రెండు చివర్లూ ఆమె నడుం దాకా వస్తాయి. ఆమె మొలూఖియా ఆకు తరుగుతుంటే వహీబా బల్లకాలుకు చుట్టుకుని పడుకుంటుంది. కూతురు పెళ్ళయి ఇస్మాయిలియా వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఆమె ఎక్కువగా మాట్లాడింది దానితోనే.

మొన్న వేసవి మొదట్లో, ఇసుకగాలుల వారంలో, ఆమె మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

“పంతులమ్మా, నీ కళ్ళజోడు తీసుకుని ఒకసారి కిందికి దిగు.”

దిగాను. వహీబా నీళ్ళ పళ్ళెంలో చుట్ట చుట్టుకుని కూచుంది. మూడు రోజులుగా అందులోంచి లేవడం లేదట, ఎలుకను పెడితే ముఖం తిప్పుకుందట. పళ్ళెం అడుగున నల్లగా, గసగసాల్లో సగం లేని చుక్కలు తేలుతున్నాయి. కంటి చుట్టూ పొలుసుల అంచుల్లో, గడ్డం కింద గాడిలో అలాంటివే ఇంకా కొన్ని. చూస్తుండగా ఒక చుక్క నడిచింది.

“నల్లులు,” అన్నాను. మంచాల్లో ఉండేవి కావు, పాములకు పట్టే సన్న జాతి.

“నల్లులని నాకూ తెలుసు. ఆడో మగో చూడమని పిలవలేదు నిన్ను. ఇదిగో ఈయనకి చెప్పు.”

మెత్వల్లీ కిటికీ దగ్గర టీ తాగుతున్నాడు. “నల్లులు కాదు. దిష్టి,” అన్నాడు తొణక్కుండా. “ఇంటికి తగిలిన దిష్టిని పాము తన మీదికి తీసుకుంటుంది. మా దర్గా షేక్ అబ్దుల్‌బర్ చెప్పారు. ఎన్ని చుక్కలుంటే అంత దిష్టి తాగినట్టు. మంచి పాముకే వస్తాయి.”

“దిష్టికి కాళ్ళుంటాయా?”

“ఏమో.”

“ఎనిమిదున్నాయి. పంతులమ్మ కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టుకో.”

అక్కడితో మొదలైంది. ఆ తరవాత మూడు నెలలు ఆ ఇంట్లో జరిగిందంతా తలుచుకుంటే నాకే తల ప్రాణం తోకకొస్తుంది, ఆమె సంగతి చెప్పనే అక్కర్లేదు. మా సందులో ఒక మనిషికి జలుబు చేస్తే ఎవరూ పట్టించుకోరు. పాముకు జబ్బు చేసిందంటే మాత్రం ప్రతివాడూ వైద్యుడే. మూలనున్న సిగరెట్ల కొట్టువాడు పొగాకు నానబెట్టిన నీళ్ళతో తుడవమన్నాడు. ఇస్త్రీ అతను కిరసనాయిలన్నాడు. ఒకావిడ ధూపం తెచ్చి ఇల్లంతా పొగబెట్టి, దగ్గుతున్న ఇన్షిరాహ్‌ను చూసి, చూశావా, ఎలా వదులుతోందో అంది. వీళ్ళందరినీ మించి, మెత్వల్లీ తమ్ముడు అడగకుండానే బొద్దింకల మందు డబ్బా పట్టుకొచ్చి, ఆమె కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి, మిగతా మూడింట్లో ఒకటైన ఇసుక పాము పెట్టెలో బుస్సుమని కొట్టి మూత వేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి ఇసుక పాము వెల్లకిలా పడి ఉంది. దాని కడుపు మీద నల్లులు షికారు చేస్తున్నాయి.

“నల్లులకి ఏమీ కాలేదే,” అన్నాడు ఆ మహానుభావుడు, డబ్బా మీద రాసింది చదువుతూ.

“ఇప్పుడా చదివేది?” అంది ఇన్షిరాహ్. ఆ సాయంత్రమే ఇసుక పామును పాత గలీబులో చుట్టి, మెత్వల్లీ చేతికిచ్చి, పాతిపెట్టి రమ్మంది. ఆ రోజు నుంచి వహీబా ఉన్న గదికి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకు తగిలించుకుంది. గురువారాలు పాముల్ని దర్గాకు తీసుకెళ్ళే మెత్వల్లీకి మాత్రం తీసిచ్చేది.

మర్నాడు పిల్లుల డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. వహీబా గలీబులో, గలీబు బుట్టలో. మూట చూడగానే డాక్టరు బల్ల వెనక్కి జరిగాడు.

“అమ్మా, ముందు ఆ ముడి గట్టిగా వెయ్యండి. రెండు ముళ్ళు వెయ్యండి.”

“రెండు ముళ్ళే ఉన్నాయి బాబూ. మీరు ఇటొచ్చి చూడండి.”

“ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది.”

మూట విప్పనే లేదు, ఏం కనిపించిందో ఆయనకే తెలియాలి. భయస్తుడే గాని చదువుకున్న భయస్తుడు. నేను పళ్ళెంలో చూసింది చెబితే, బల్ల వెనక నుంచే విషయం విడమరిచి చెప్పాడు. నల్లులు పాము రక్తం తాగుతాయి గాని గుడ్లు పాము మీద పెట్టవు. చెక్క పగుళ్ళలో, గుడ్డ కుట్లలో పెడతాయి. గుడ్డు పిల్లయి, పిల్ల పెద్దదై, మళ్ళీ గుడ్డు పెట్టడానికి రెండు వారాలైతే ఎక్కువ. కాబట్టి పామును కడిగితే సరిపోదు, పాము పడుకునే చోటంతా కడగాలి, అదీ నెలకు పైగా, మధ్యలో మానకుండా.

“మందేదీ రాయరా?”

“ఉంది. కొలత కాస్త తప్పితే నల్లులకంటే ముందు పామే పోతుంది. ఇంత నీరసంగా ఉన్నదాని మీద నేను చల్లను. గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు వేసి అరగంట ఉంచండి. తల మునగకూడదు. కళ్ళ చుట్టూ నూనె దూదితో తుడవండి. కింద తెల్ల కాగితం పరిస్తే ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. రక్తం చాలా పోయినట్టుంది. ఇలాగే ఇంకో నెల సాగితే బతకదు.”

ఆ చివరి మాటతో ఆమె ముఖం మారింది. వంటగదిని ఆసుపత్రి చేసేసింది. వహీబా చెక్క పెట్టెను మేడ మీద నిప్పుల్లో వేసి, దాని బదులు మూతకు సన్న బెజ్జాలు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా పెట్టింది. లోపల కసాయి కొట్టు తెల్ల కాగితం. శనివారం స్నానం, మంగళవారం స్నానం. ఒక చేత్తో తల పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఒంటి మీద నీళ్ళు పోస్తూ, “ఉండవే తల్లీ, నీకు తెలీదు, నీకోసమే,” అని గొణుగుతుంటే, పురిటి స్నానం చేయిస్తోందనుకోవాలి ఎవరైనా. గుడ్డలు ఉడికాయి, కాగితాలు కాలాయి, నేల బ్లీచింగు కంపు కొట్టింది. బుధవారం పొద్దున కాగితం మీద మూడు చుక్కలు. గురువారం పొద్దున ఒక్కటి. ఆమె టీలో రెండో చెంచా చక్కెర వేసుకుంది.

శుక్రవారం పొద్దున కాగితం మీద మిరియప్పొడి ఒలికినట్టుంది.

మొదటి వారం తనదే తప్పనుకుంది. ఎక్కడో పగులు వదిలేశాననుకుని గోడల కింద సున్నం పూసింది. రెండో వారం మళ్ళీ అంతే. బుధవారానికి శుభ్రం, శుక్రవారానికి నిండా. మూడో శుక్రవారం ఆమె కాగితం చేతబట్టుకుని, టీ తాగుతున్న మొగుడి ఎదుట కూచుంది. నేను ఆ పూట ఫూల్ చిక్కుడుగింజల కూర గిన్నె తిరిగివ్వడానికి దిగాను.

“గురువారం దర్గాలో ఏం చేస్తారయ్యా మీరు?”

“జిక్ర్ చేస్తాం, దేవుడి నామం జపిస్తాం. నీకు తెలీదా.”

“నలభై ఏళ్ళుగా నాకు తెలిసింది నువ్వు వెళ్తావు, ఆకలితో వస్తావు. పాముల్ని ఏం చేస్తారు?”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. ఆడవాళ్ళకు చెప్పే విషయం కాదని ఆయన ముఖమే చెప్పింది. చివరికి నీళ్ళు నములుతూ చెప్పాడు. దర్గాలో సమాధైన పెద్దాయన సంచి ఒకటుంది, మేకతోలుది, నాలుగు తరాలనాటిది. ఒట్టు చదివేటప్పుడు అందరి పాముల్నీ అందులో కలిపి వేస్తారు. చదవడం అయ్యాక ఎవరి పామును వాళ్ళు తీసుకుంటారు. నాగుల్ని మాత్రం వెయ్యరు, మిగతావాటిని మింగుతాయి కాబట్టి. ఆ తెలివి వరకూ ఉంది. సంచిని కడగరు. పెద్దాయన ఊపిరి అందులో ఉంది కాబట్టి.

“నాలుగు తరాలుగా ఎవరూ కడగలేదా?”

“ఊపిరిని ఎలా కడుగుతామే?”

“అందులో ఊపిరొక్కటే ఉందనుకున్నావా?” ఆమె కాగితం ఆయన ముందు పరిచింది. “వహీబాని ఇంక తీసుకెళ్ళకు.”

“అలా అంటే ఎలా? ఒట్టు ప్రతి వారం పడాలి. లేకపోతే పాముకి మనమీద దయ పోతుంది, కరుస్తుంది. పైగా దిష్టి పోవడానికి పిల్లల మెడలో వేసేది వహీబానే. అదొస్తేనే తల్లులు వస్తారు. అది లేకుండా నేను అక్కడ ఎవర్ని? అబ్దుల్‌బర్ పక్కన నా చోటు దాని వల్లే.”

“దానికి నాలుగు రోజులుగా లేచే ఓపికే లేదు, అది లేచి నిన్ను కరుస్తుందా?”

మనిషి చెడ్డవాడు కాదు. అందుకే విసుగు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకోవచ్చు. ఆయనకు వహీబా మీద ప్రేమే, ఆ ప్రేమ చూపించడానికి ఆయనకు తెలిసిన దారి దాన్ని ఆ సంచిలో వెయ్యడమే. ఆమె తాళంచెవి మెడలోంచి తియ్యలేదు. ఆయన ఆ వారం దర్గాకు వహీబా లేకుండా వెళ్ళి, వాడిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు. ఒట్టి చేతులతో కాదు. ఇన్నాళ్ళూ దర్గాలోనే ఉన్న ఆ సంచి ఇకనుంచి వంతులవారీగా ఒక్కో ఇంట్లో వారం పాటు ఉండాలట. ఈ వారం వంతు వీళ్ళది. దాన్ని తెచ్చి గోడ మేకుకు తగిలించాడు, వహీబా ఉన్న గది గుమ్మం పక్కనే.

ఇన్షిరాహ్ రెండు రోజులు ఆ సంచి చుట్టూ దూరంగా తిరిగింది. ఆదివారం ఆయన మంగలి దగ్గరికి వెళ్ళగానే సంచి అంచును రెండు వేళ్ళతో తిరగేసి చూసింది. కుట్టు పొడుగునా మసిగీత ఉంది. ఆ గీత కదులుతోంది.

తరవాత జరిగిందానికి ఆమెను తప్పుపట్టేవాళ్ళు ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి రావాలి. నేను మెట్లు దిగి వచ్చేసరికి గంగాళం సలసల మరుగుతోంది. ఆమె కర్రతో అడుగుదాకా తిప్పుతోంది.

“ఆరబెట్టి, మళ్ళీ మేకుకి తగిలించేస్తాను. ఆయనకి తెలియనే తెలీదు,” అంది.

“అది తోలు కదా,” అన్నాను.

కర్ర ఆగింది. గుడ్డ తప్ప ఇంకేదీ ఉతికి ఎరగని చేతులు. నూలు మరుగుతుంది, తెల్లబడుతుంది. తోలు ఏమవుతుందో ఆమె ఆలోచించలేదు. కర్రతో పైకెత్తితే ముడుచుకుపోయి, గట్టిపడి, అట్టకట్టిన నల్లటి ముద్ద ఒకటి వచ్చింది. చంటిపిల్ల చెప్పుకు సరిపోతుంది, పాముకు కాదు. నల్లులు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

మెత్వల్లీ నున్నగా గీసిన గడ్డంతో లోపలికొచ్చాడు. మేకు వైపు చూశాడు, గంగాళం వైపు చూశాడు, కర్ర చివరనున్న దాన్ని చూశాడు. పీట లాక్కుని కూచున్నాడు.

“అదేనా?” అన్నాడు.

“అదే.”

“మా ముత్తాత చేత్తో పట్టుకున్న సంచి.”

“కడుగుదామనే అనుకున్నాను. మాడ్చాలని కాదు.” ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. “పోయిన శుక్రవారం దాని నోట్లో చూశాను. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. రక్తమే లేదు. నేనింకేం చెయ్యను చెప్పు.”

ఆయన లేచి, తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె తటపటాయించి ఇచ్చింది. ఆయన గదిలోకి వెళ్ళి, వహీబా ముందు నేలమీద కూచుని, దాని దవడను రెండు వేళ్ళతో మెల్లగా తెరిచి చూశాడు. పాములు పట్టే మనిషికి అంతకన్నా చెప్పనక్కర్లేదు. తరవాత తాళంచెవి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

గురువారం ఆ ముద్దను కొత్త చేతిరుమాల్లో చుట్టి ఆయన ముందు నడిచాడు. వెనక ఇన్షిరాహ్, చంకలో చుట్టిన తెల్ల కాగితంతో నేను. ఆడవాళ్ళు దర్గా గుమ్మం దాటకూడదు గనక గుమ్మం మీదే నిలబడ్డాం. చేతిరుమాలు విప్పగానే లోపల జిక్ర్ ఆగింది. షేక్ అబ్దుల్‌బర్ బక్కపలచని మనిషి, మెల్లగా మాట్లాడతాడు. మెల్లగానే అడిగాడు.

“ఎవరు చేశారు ఇది?”

“నా ఇంట్లో జరిగింది. నేనే చేశాననుకోండి,” అన్నాడు మెత్వల్లీ.

“అనుకోవడమెందుకు,” గుమ్మం దగ్గర్నుంచి అంది ఇన్షిరాహ్. “నేనే చేశాను. గంగాళం నాది. ఆయనకి నీళ్ళు కాచుకోవడం కూడా రాదు.”

ఒకరిద్దరు నవ్వబోయి మానేశారు. దిష్టి తాగే జీవులకు ద్రోహం చేశావని ఒక ముసలాయన మొదలుపెట్టాడు. ఆమె నా చంకలోంచి కాగితం లాగి, గుమ్మానికి లోపలగా నేల మీద పరిచింది.

“షేక్ గారూ, మీ పామునొకసారి దీని మీద పెట్టండి. ఐదు నిమిషాలు. దిష్టి ఎంతుందో అందరం చూద్దాం.”

షేక్ పెట్టాడు. పెట్టకపోతే భయపడ్డాడంటారు. పాము కాగితం మీద సాగింది. అది దాటిపోయాక చుక్కలు మిగిలాయి. చుక్కలు చెదిరి తలో దిక్కుకు నడిచాయి. ఒకటి కాగితం అంచు దాటి, షేక్ జుబ్బా చేతి మీదికి ఎక్కి, లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మణికట్టు గోక్కున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి ఆ దురద?” అంది ఆమె.

షేక్ మణికట్టు వెనక్కి దాచుకున్నాడు. పక్కనున్నాయన జుబ్బా చేతులు మడిచి తన దద్దుర్లు చూపించాడు. “నాకు రంజాన్ నుంచి,” అన్నాడు. “చలికాలం నుంచి నాకు,” అన్నాడు ఇంకొకాయన. మూడో ఆయన మెడ చూపించాడు. పదిమంది ముసలివాళ్ళు, ఒకరి దద్దుర్లు ఒకరు చూసుకుంటూ, తమ ఒక్కరికే ఉందనుకున్న దానికి తోడు దొరికిన సంతోషంలో జిక్ర్ సంగతే మరిచిపోయారు.

షేక్ గొంతు సవరించుకున్నాడు. “సంచి తన కాలం పూర్తి చేసుకుంది. ఇకమీదట ఎవరి పాముకు వాళ్ళదే సంచి. పెద్దాయన సెలవు అది.”

“ఉతకమని కూడా సెలవిచ్చారేమో కనుక్కోండి,” అంది ఇన్షిరాహ్.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. “ఇచ్చారు.”

“ఎన్నాళ్ళకోసారి?”

“వారానికోసారి.”

“గుడ్డ సంచే కదా? మరుగునీళ్ళలోనేనా?”

“అమ్మా,” అన్నాడు షేక్ అబ్దుల్‌బర్, “ఇక చాలు.”

ఇంటికొచ్చే దారంతా ఆమె సణుగుతూనే ఉంది. రెండు నెలలుగా తను చెబుతున్నదే, కాగితాలు చూపించి, డాక్టరు మాటలు అప్పజెప్పి చెబుతున్నదే, చచ్చి నాలుగు తరాలైన మనిషి నోటితో చెప్పిస్తే ఒక్క నిమిషంలో ఎక్కిందట. నేను ఆమెను ఓదార్చలేదు. నాకూ అదే మంట. మా విశ్వవిద్యాలయంలో సగం కమిటీలు ఇలాగే నడుస్తాయి, పెద్దాయన పేరు మారుతుందంతే.

స్నానాలు ఆగలేదు. శని, మంగళవారాలు తల పట్టుకోవడం మెత్వల్లీ వంతైంది, నీళ్ళు పొయ్యడం ఆమెది. గట్టిగా పట్టుకున్నావని ఆమె, నీళ్ళు వేడిగా ఉన్నాయని ఆయన, ఇద్దరూ అరగంట పోట్లాడుకునేవాళ్ళు. మూడు శుక్రవారాలు కాగితం తెల్లగానే ఉంది. వహీబా కుబుసం ముక్కలు ముక్కలుగా విడిచింది. ఎడమ కంటి మీద పొర అతుక్కుపోతే తడిదూదితో మూడు రోజులు నానబెట్టి తీశారు. కాని తిండి ముట్టలేదు. ఎలుక పెట్టడం, సాయంత్రానికి తీసెయ్యడం, అంతే. ఒళ్ళు సన్నబడి వెన్నెముక గట్టులా తేలింది. ఆ రోజుల్లో ఇన్షిరాహ్ నన్ను కిందికి పిలవడం మానేసింది.

ఐదో వారం గురువారం, మధ్యాహ్నం. దర్గా ఉరుసుకు ముందు వచ్చే ఆఖరి గురువారం అది. మెత్వల్లీ శుభ్రమైన పొడుగు అంగీ, గలాబియా వేసుకుని, ఉతికిన నూలు సంచి భుజాన తగిలించుకుని, గది గుమ్మంలో నిలబడి అడిగాడని ఆమే నాకు చెప్పింది.

“షేక్ గారు వహీబాని పేరు పెట్టి అడిగారే. పిల్లలొస్తారట. శుభ్రమైన సంచే. ఒక్క గంట.”

ఆమె వీపు ఆయన వైపు తిప్పి, డబ్బా ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంది. లేవలేదు.

“ఇవాళ కాదు. ఉరుసుకీ కాదు. ఇంకెప్పుడూ కాదు. నీ మిగతా రెండింటినీ తీసుకెళ్ళు.”

“మరి వాళ్ళకేం చెప్పను?”

“అన్నం తింటోందని చెప్పు.”

“ఊరికే అలా అంటే...”

ఆమె పక్కకు జరిగింది. వహీబా దవడ రెండు వైపులా విప్పారి ఉంది. నోటి చివర ఎలుక తోక ఇంకా బయటే ఉంది. మెత్వల్లీ సంచి భుజం మీంచి దించి, చప్పుడు కాకుండా ఆమె పక్కన కూచున్నాడు. దర్గాకు ఆలస్యమవుతోందని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన తోక లోపలికి పోయేదాకా కదల్లేదు.